చెరువు నిండుతుంది, నీళ్లు నిండుకుంటాయి

2019 జూన్‌లో, చెన్నైకి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ నెర్రెలు విచ్చి, మా వీధి మొదట్లో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు లారీ కోసం తెల్లవారుజామునే వరుస కట్టిన రోజుల్లో, నెల్లూరులో ఉన్న మా పిన్నికి వాట్సాప్‌లో ఒక సందేశం పంపాను. ‘ఇక్కడ చెరువులన్నీ నిండుకున్నాయి పిన్నీ’ అన్నది అందులోని మొదటి వాక్యం. ‘చల్లని మాట చెప్పావు నాయనా, వానలు ఎప్పుడు పడ్డాయి?’ అని వెంటనే జవాబు వచ్చింది. చెన్నై కరువు గురించి రోజూ పేపర్లో చదువుతున్న మనిషి, నా వాక్యం చూసి, రాత్రికి రాత్రి ఏదో తుపాను వచ్చి చెరువులను నింపిపోయిందనుకుంది.

తప్పు నాదే. నలభై ఏళ్లుగా వంటింట్లో ‘బియ్యం నిండుకున్నాయి’, ‘నూనె నిండుకుంది’ అంటూ వస్తున్న పిన్నికి ఆ మాట అర్థం కాకపోవడం ఏమిటని మొదట విసుక్కున్నాను గానీ, ఆలోచిస్తే ఆమె ఏనాడూ ‘డబ్బా నిండుకుంది’ అనలేదు. నిండుకునేది ఎప్పుడూ డబ్బాలోని సరుకే. నేను సరుకును వదిలేసి, దాన్ని పట్టి ఉంచే పాత్రను కర్తగా నిలబెట్టాను. ‘చెరువుల్లో నీళ్లు నిండుకున్నాయి’ అని రాసి ఉంటే ఆమె ఒక్క క్షణమైనా తడబడేది కాదు.

వాడగా వాడగా ఖర్చయిపోయిన వస్తువు గురించి చెప్పడానికి తెలుగులో ఉన్న మాటల్లో ఇంత చిత్రమైనది మరొకటి లేదు. నిండు అన్న ధాతువుకు అర్థం అందరికీ తెలిసిందే. దానికి ‘కొను’ చేర్చగానే అర్థం తలకిందులవుతుందని పిల్లలకు చెప్పేస్తాం గానీ, అది సగమే నిజం. ‘ఆమె కళ్లలో నీళ్లు నిండుకున్నాయి’ అన్నప్పుడు కళ్లు ఎండిపోయాయని ఎవరూ అనుకోరు. అదే నిర్మాణంలో ‘బిందెలో నీళ్లు నిండుకున్నాయి’ అంటే మాత్రం బిందె పట్టుకుని బయలుదేరాల్సిందే. రెండు వాక్యాల్లోనూ క్రియ ఒకటే, ప్రత్యయం ఒకటే, నీళ్లు కూడా నీళ్లే. మారింది ఒక్కటే: కన్నీళ్లను ఎవరూ నిల్వ చేసుకుని రోజూ కొంచెం కొంచెంగా వాడుకోరు, బిందెలో నీళ్లను వాడుకుంటారు. అంటే ఈ మాటకు ‘అయిపోవడం’ అన్న అర్థం వ్యాకరణం నుంచి కాక ఇంటి నడక నుంచి వస్తోంది. తెచ్చి పెట్టుకున్నది, వాడుకునేది, మళ్లీ తెచ్చుకోవలసినది అయిన వస్తువు దగ్గర మాత్రమే అది వెలితిని చెబుతుంది. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, పసుపు, కుంకుమ దీనికి అచ్చమైన చోట్లు. పొద్దున్నే వచ్చి సాయంత్రానికి అయిపోయే పాల విషయంలో ఈ మాట అంతగా వినపడదు. ఖజానా ఒక మినహాయింపు. ‘ఖజానా నిండుకుంది’ అని పాత్రనే కర్తగా పెట్టి పత్రికలు రాస్తాయి, ఎవరికీ అపార్థం కలగదు. నిండిన ఖజానా గురించి రాసే అవసరం విలేఖరులకు పెద్దగా రాదు గదా.

ఖాళీని నిండు అని ఎందుకు అంటున్నాం అంటే, ఇంట్లో ‘లేదు’ అన్న మాట పలకకూడదన్న నమ్మకం వల్ల అని పెద్దవాళ్లు చెబుతారు. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం ‘బియ్యం లేవు’ అంటే వాళ్లు ‘అలాగే అగుగాక’ అంటారని నేనూ చిన్నప్పుడు విన్నాను. ఈ కుటుంబానికి చెందిన మాటలు మనకు చాలానే ఉన్నాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. గుమ్మం దాటే మనిషి ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్లొస్తాను’ అంటాడు. మా పక్కింటి తమిళ మామి కూడా దీపాన్ని ఆర్పమనదు, ‘కుళిర వై’ అంటుంది, అంటే చల్లబరచమని. సౌకార్‌పేటలో ఉత్తరాది వ్యాపారి రాత్రి కొట్టు కట్టేస్తూ ‘దుకాన్ బఢానా’ అంటాడు, నిజానికి ఆ మాటకు కొట్టును పెంచడం అని అర్థం. మరాఠీ వాళ్లు గుళ్లో కొబ్బరికాయను పగలగొట్టరు, ‘వాఢవతారు’, అదీ పెంచడమే. కాబట్టి అశుభాన్ని దాని వ్యతిరేకంతో కప్పిపుచ్చే అలవాటు మన ఒక్కరి సొత్తు కాదు.

అయితే ఈ నమ్మకంతోనే మొత్తం విషయం తేలిపోతుందని నాకు అనిపించదు. కప్పిపుచ్చడమే లక్ష్యమైతే మరే మంచి మాటైనా సరిపోయేది. ‘నిండు’ అన్న మాటే ఎందుకు ఇంత సహజంగా అతికింది? దీనికి జవాబు ‘వాడికి నూరేళ్లు నిండాయి’ అన్న మరో వాడుకలో దొరుకుతుంది. ఇక్కడ దాపరికం ఏమీ లేదు, పైగా కోపంలో తిట్టుగానే ఎక్కువగా వాడతాం. మనిషికి ఇన్నేళ్లని ఒక కొలత ఉంది, ఆ కొలత నిండింది, కనుక ఆయువు ముగిసింది అన్నది దాని లెక్క. సంస్కృతం నుంచి వచ్చిన ‘పూర్తి’ అన్న మాటలోనూ అసలు ఉన్నది నిండుదనమే. పని పూర్తయింది అంటున్నప్పుడు పని నిండింది అనే అంటున్నాం. పుస్తకం చివర ‘సంపూర్ణం’ అని వేస్తారు, అంటే ఇక చదవడానికి ఏమీ మిగలలేదని. ముగింపును కొలత నిండడంగా చూసే దారి భాషలో ముందే పడి ఉంది కనుక ‘బియ్యం నిండుకున్నాయి’ అన్న మాట ఆ దారిలో అలవోకగా నడిచింది. నెలకు తెచ్చుకున్న బియ్యం తన వంతు పని నిండా చేసి ముగించాయి అని దాన్ని చదువుకోవచ్చు.

అరవై సంవత్సరాల వరుసలో చివరిదాన్ని కొన్ని జాబితాలు ‘క్షయ’ అంటాయి, మన పంచాంగాలు ‘అక్షయ’ అంటాయి. తరిగిపోవడం, తరిగిపోకపోవడం అన్న రెండు విరుద్ధమైన అర్థాలు ఒకే ఏడాదికి పేర్లయ్యాయి. ఆ ఏడాది మళ్లీ ప్రభవకు దారి వదులుతుంది గనుక రెండు పేర్లూ దానికి చెల్లుతాయి. భారతంలోని అక్షయపాత్రను తీసుకున్నా ఇదే కనిపిస్తుంది. అక్షయం అన్న పేరు విని అది ఎప్పటికీ తరగని గిన్నె అనుకుంటాం గానీ, అరణ్యపర్వంలో సూర్యుడు ధర్మరాజుకు ఇచ్చిన పాత్రకు ఒక కట్టుబాటు ఉంది: ద్రౌపది భోజనం చేసేదాకానే అది వడ్డిస్తుంది, ఆమె తిన్నాక ఆ పూటకు అందులో ఏమీ ఉండదు. దుర్వాసుడు శిష్యులతో సహా వచ్చిపడ్డది సరిగ్గా ఆ వేళకే. అక్షయపాత్ర కూడా రోజూ నిండుకుంటుంది, మర్నాడు మళ్లీ నిండుతుంది. ఆ కథలోని వరం అంతులేనితనం కాదు, తిరిగి నిండడం.

మా అమ్మ బియ్యం డబ్బా దగ్గర నిలబడి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బియ్యం కొలిచే సోల డబ్బా అడుగున రేకును గీకిన చప్పుడు వినపడకూడదన్నది ఆమె నియమం. ఆ చప్పుడుకు ఒకటి రెండు రోజుల ముందే ‘బియ్యం నిండుకున్నాయి’ అన్న ప్రకటన వెలువడుతుంది. కొత్త మూట వచ్చాక, అడుగున మిగిల్చిన గుప్పెడు పాత బియ్యం మీదనే కొత్తవి పోస్తుంది. అంటే నిండుకున్నాయి అన్న క్షణాన కూడా డబ్బా పూర్తిగా ఖాళీ కాదు. ఆ మాట ఉన్న స్థితిని వర్ణించడానికి కన్నా, తేవలసిన మనిషికి కబురు చెప్పడానికే ఎక్కువగా పుట్టినట్టుంది. అది సగం వార్త, సగం పురమాయింపు. అందుకే ఆ మాట అన్నాక ‘అయ్యో’ అనరు, సంచీ తీసుకుంటారు.

మళ్లీ నింపగలిగిన నిల్వ గురించి, నింపేవాడు ఉన్నాడన్న నమ్మకంతో చెప్పే మాట ‘నిండుకోవడం’ అన్నది ఈ వ్యాసంలో నా వాదన. అందువల్ల రక్తనిధిలో రక్తం, థర్మల్ కేంద్రంలో బొగ్గు, ఆసుపత్రిలో మందులు నిండుకున్నాయని రాయడం సబబుగానే ఉంటుంది. ఎక్కడి నుంచో మరో విడత రావలసి ఉంది, రాలేదు. భూమిలో ఉన్న చమురో ఖనిజమో నిండుకుందని రాస్తే మాత్రం చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. అక్కడ ‘తరిగిపోతోంది’ అంటాం, కొంచెం గంభీరంగా ‘క్షీణిస్తోంది’ అంటాం. తరగడంలో కొండ అరిగినట్టు, చంద్రుడు సన్నబడినట్టు మెల్లగా తగ్గే తీరు ఉంది గానీ, ఎవరో వచ్చి నింపుతారన్న ధీమా లేదు.

నీళ్ల విషయంలో మన భాష మరీ సూక్ష్మంగా మాట్లాడుతుంది. చెన్నై లాంటి ఊళ్లో బతికేవాడికి ఈ సూక్ష్మత అక్కరకు వస్తుంది గనుక కొంచెం నెమ్మదిగా చూద్దాం. పత్రికలకు ఇష్టమైన మాట ‘అడుగంటడం’. అడుగును అంటుకోవడం అన్నది దాని అక్షరాలా అర్థం. పొయ్యి మీద మర్చిపోయిన అన్నం కూడా అడుగంటుతుంది గానీ అది వేరే కష్టం. ఈ మాటలో ఒక కచ్చితమైన కొలత దాగి ఉంది. అడుగంటిన చెరువులో నీళ్లు లేవని కాదు, ఉన్నా అందవని. చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు కలిపి అప్పట్లో 11 టీఎంసీలకు కొంచెం పైగా పట్టేవి. 2019 జూన్‌లో వాటిలో మిగిలింది ఆ సామర్థ్యంలో ఒక శాతం కన్నా తక్కువ. నీటిమట్టం తూము కన్నా కిందికి దిగిపోతే ఆ నీళ్లు తమంతట తాము కాలువలోకి రావు, మోటార్లు పెట్టి తోడాలి. ఆ ఏడాది ఊరి అంచున సిక్కరాయపురంలో వదిలేసిన రాతి క్వారీల గుంటల్లో నిలిచిన నీళ్లను కూడా తోడి, శుద్ధి చేసి ఊరికి పంపారు. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్లతో మొదటి రైలు విల్లివాక్కం చేరినప్పుడు చూడడానికి జనం పండక్కి వచ్చినట్టు వచ్చారు. ఆ వేసవిలో నిండుకున్నవి చెరువుల్లో నీళ్లు. వర్షం వస్తే తిరిగి నిండుతాయి గనుక ఆ మాట వాటికి తగినదే, కర్తను సరిగా పెట్టుకుంటే.

‘భూగర్భ జలాలు అడుగంటాయి’ అన్న వాక్యం దగ్గర మాత్రం నాకు ఎప్పుడూ చిన్న అనుమానం. చెరువుకు కంటికి కనిపించే అడుగు ఉంది, భూమిలోని నీటికి అడుగు ఎక్కడ? రెండు వందల అడుగుల బోరు ఎండితే నాలుగు వందలకు దించుతాం, అప్పుడు అడుగు అక్కడికి జరుగుతుంది. మన మోటారు పైపు పొడవే ఆ నీటికి అడుగు. పైపు పొడవును బట్టి జరిగే అడుగును నిజమైన అడుగుగా భావించి మాట్లాడడం వల్ల, ఇంకా లోతుకు పోతే ఇంకా ఉంటాయిలే అన్న భ్రమ పెరుగుతుంది. సముద్రతీరంలో ఈ లెక్క మరో రకంగా తప్పుతుంది. చెన్నైకి ఉత్తరాన మీంజూరు ప్రాంతంలో దశాబ్దాల పాటు అతిగా తోడడం వల్ల భూమిలోని మంచినీటి ఒత్తిడి తగ్గి, సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చింది. అక్కడి బావులు ఎండలేదు, ఉప్పెక్కాయి. బావి నిండా నీళ్లున్నా తాగడానికి గుక్కెడు లేని ఆ స్థితికి ‘అడుగంటింది’ సరిపోదు, ‘ఎండింది’ సరిపోదు. నిండి కూడా నిండుకోవడం అంటే బహుశా అదే. అదే మీంజూరు దగ్గర 2010లో రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం మొదలైంది.

‘ఇంకిపోవడం’ ఇంతకన్నా మంచి మాట. చెరువు ఇంకిపోయిందంటే నీళ్లు ఆవిరైపోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు, నేలలోకి దిగాయి. కంటికి లేవు గానీ నేలకు ఉన్నాయి. ఆ ధాతువు నుంచే ‘ఇంకుడు గుంత’ వచ్చింది. నష్టాన్ని చెప్పిన క్రియే లాభాన్ని పట్టుకునే గుంతకూ పేరయింది. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటిని నేలలోకి పంపే ఏర్పాటు తప్పనిసరి చేసినప్పుడు, మా అపార్ట్‌మెంట్‌లో తవ్విన గుంతను మేం తెలుగువాళ్లం ఇంకుడు గుంత అనే పిలుచుకున్నాం. తమిళ మిత్రులకు దాన్ని వివరించాలంటే మూడు వాక్యాలు పట్టేది.

‘వట్టిపోవడం’ పశువుల కొట్టం నుంచి వచ్చింది. పాలివ్వడం మానిన ఆవు వట్టిపోయిందంటారు, ఊరని బావిని, నీళ్లు రాని బోరును కూడా అలాగే అంటారు. బోరు వట్టిపోయిందన్నప్పుడు మనం పూర్తిగా ఆశ వదిలేస్తాం గానీ, ఆవు విషయంలో వట్టిపోవడం తరచుగా రెండు ఈతల మధ్య విరామమే. ఈనడానికి రెండు నెలల ముందు పాడి రైతులు కావాలనే పాలు పిండడం ఆపి పశువుకు విశ్రాంతి ఇస్తారు. ఆ విరామం ఇవ్వకుండా పిండుతూ పోతే తరవాతి ఈతలో పాలు తగ్గుతాయి. బోర్లకు అలాంటి సెలవు ఇచ్చే ఆచారం మనకు ఏర్పడలేదు.

ఇక రోజువారీ మాటల్లో అన్నిటికన్నా ఎక్కువ వాడేది ‘అయిపోవడం’. దీనిలోనూ ఒక మెలిక ఉంది. ‘అన్నం అయింది’ అంటే వచ్చి కూర్చోమని, ‘అన్నం అయిపోయింది’ అంటే ఇక లేవమని. తయారవడానికీ ఖర్చవడానికీ ఒకే క్రియ, మధ్యలో ‘పో’ అన్న ఒక్క అక్షరం ఆకలికి తీర్పు చెబుతుంది. ‘ఖాళీ’ మాత్రం పాత్రకు చెందిన మాట: డబ్బా ఖాళీ, బస్సు ఖాళీ, ఇల్లు ఖాళీ. బెంగళూరులో ఉన్న మా బంధువులు కన్నడం ప్రభావంతో ‘పాలు ఖాళీ అయిపోయాయి’ అంటారు. నేను ‘చెరువులు నిండుకున్నాయి’ అని పాత్రను సరుకు చోట పెడితే, వాళ్లు సరుకును పాత్ర చోట పెడుతున్నారు. చెన్నైలో మాకు మరో తెగులు ఉంది. తమిళంలో సరుకు అయిపోతే ‘తీర్ందు పోచ్చు’ అంటారు గనుక, ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్ల నోట ‘గ్యాస్ తీరిపోయింది’ అన్న మాట సులువుగా వస్తుంది. విజయవాడ నుంచి వచ్చిన మా వదిన మొదటిసారి ఇది విని ‘గ్యాస్ మీద అప్పు గానీ ఉందా?’ అని అడిగింది. అటువైపు తెలుగులో తీరేవి అప్పు, దాహం, కోరిక. అంటే తీరడం అక్కడ ఊరట. మా వాడుకలో అదే మాట కొరతను చెబుతుంది. దీన్ని తప్పు అనడానికి నాకు మనసొప్పదు. రెండు భాషలూ ఒకే మూలం నుంచి వచ్చినవి, ఒకే క్రియను ఒకరు కొరత వైపు నుంచి, ఒకరు అవసరం వైపు నుంచి చూస్తున్నారు.

మాటల తేడా వల్ల అర్థం మారిపోయే చోటు ఇంకొకటి ఉంది. చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే రైల్లో బంగారుపేట జంక్షన్ వచ్చినప్పుడల్లా అక్కడి నుంచి మారికుప్పం వైపు చీలే చిన్న రైలు మార్గం నాకు కోలారు బంగారు గనులను గుర్తుచేస్తుంది. తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా దిగి పనిచేసిన ఆ గనులు 120 ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారాన్ని ఇచ్చి 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. బంగారం అయిపోయింది అని అందరూ అంటారు. నిజానికి అయిపోయింది బంగారం కాదు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, టన్ను రాయి నుంచి నానాటికీ తగ్గుతున్న గ్రాముల బంగారాన్ని తీయడానికి అయ్యే ఖర్చు, ఆ బంగారం అమ్మితే వచ్చే ధరను మించిపోయింది. సైనైడ్‌తో బంగారం తీసేశాక పైన కుప్పలుగా పోసిన రాతిపొడి దిబ్బల్లో కూడా ఇంకా కొంత బంగారం మిగిలే ఉంది. ధర పెరిగితే, తీసే పద్ధతి మారితే, ఇవాళ ‘అయిపోయినది’ రేపు మళ్లీ ‘ఉన్నది’ కావచ్చు. ఆర్థిక శాస్త్రం తెలిసినవాళ్లు వనరు అన్న మాటను ఎప్పుడూ ధరతో కలిపే చూస్తారు, మన నుడికారంలో ఆ లెక్కకు దగ్గరగా వచ్చేది ‘గిట్టుబాటు కాలేదు’ అన్న వ్యాపారి మాట. గని మూతబడిన వార్తకు ‘నిక్షేపాలు అంతరించాయి’ అన్న శీర్షిక కన్నా ‘తవ్వకం గిట్టడం లేదు’ అన్నది నిజానికి దగ్గర.

వాడేసిన దానిలో ఏం మిగిలింది అన్న ప్రశ్నకు కూడా తెలుగులో ఒక మాట ఉంది, అది ‘పిప్పి’. చెరకు నుంచి రసం, కొబ్బరి నుంచి పాలు తీసేశాక మిగిలేది పిప్పి. పొద్దున్నే మా ఇంట్లో ఫిల్టర్ పైగిన్నెలో కాఫీ పొడి మీద మరిగే నీళ్లు పోస్తే మొదటి డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. అదే పొడి మీద మళ్లీ పోస్తే రెండోది పలచగా, టీ రంగులో వస్తుంది. ఆ రెండోదాన్ని కొంచెం మొదటిదాంతో కలిపి అతిథులకు ఇచ్చే పొదుపరి ఇళ్లు చెన్నైలో చాలా ఉన్నాయి, వాటిలో మాదీ ఒకటి. మూడోసారి పోస్తే రంగు తప్ప రుచి రాదు, అప్పుడది పిప్పి, కరివేపాకు కుండీలోకి పోతుంది. ఏది వాడేసినది, ఏది పిప్పి అన్న గీత ఆ ఇంటి తాహతును బట్టి జరుగుతుంటుంది. చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో అణువిద్యుత్ కేంద్రం నుంచి బయటికి తీసే వాడేసిన ఇంధనం సంగతీ ఇంతే. బయటి మనిషికి అది పిప్పి, అక్కడి శాస్త్రవేత్తలకు రెండో డికాషన్. దాన్ని శుద్ధి చేసి అందులోని ప్లుటోనియాన్ని వేరుచేసి మరో రకం రియాక్టర్‌కు ఇంధనంగా వాడాలన్నది దేశపు అణు కార్యక్రమంలోని ముఖ్యమైన ఆలోచన. అందువల్ల అలాంటి ఇంధనాన్ని ‘వాడేసిన ఇంధనం’ అనడం సరైనది, ‘అయిపోయిన ఇంధనం’ అనడం సరికాదు. మనుషుల విషయంలో మనం ఇంత జాగ్రత్త చూపం. రాత్రింబవళ్లు పనిచేయించుకుని పంపేసిన ఉద్యోగి గురించి ‘పీల్చి పిప్పి చేశారు’ అంటాం, ఆ వాక్యంలో రెండో డికాషన్‌కు చోటు లేదు.

పిన్ని విషయానికి వస్తే, ఆమె ఉండే జిల్లాలోనే కండలేరు జలాశయం ఉంది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు అక్కడి నుంచే కాలువలో బయలుదేరి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులో ప్రవేశించి, పూండిని చేరతాయి. కాగితం మీద ఏడాదికి 15 టీఎంసీలు, దారిలో పోయే మూడు తీసేస్తే 12. మొదటి నీళ్లు పూండికి చేరడానికి మాత్రం 1996 దాకా పట్టింది. 2019లో వేసవి అంతా ఆ కాలువ కూడా ఎండే ఉంది, కండలేరులోనే నీళ్లు లేవు. సెప్టెంబరు చివరి వారంలో నీళ్లు వదిలారు. ఆ సాయంత్రం పిన్ని నుంచి సందేశం వచ్చింది: ‘కండలేరు నుంచి నీళ్లు వదిలారు నాయనా. ఈసారి నువ్వు రాసేటప్పుడు చెరువులు నిండుతున్నాయి అని రాయి, నిండుకున్నాయి అనకు. మా ఇంట్లో కందిపప్పు నిండుకుంది, మీ బాబాయిని కొట్టుకు పంపాను.’